చింతచెట్టు కింద చట్రం

పద్మనాభాన్ని చూస్తుంటేనే శశికళకు ఒళ్లు మండిపోయింది. 2003లో కృష్ణగిరి కాలేజీలో ఆమె తరగతి పిల్లలకు గడ్డినేలల సర్వే నేర్పడానికి వచ్చిన మనిషి ఆయన. నెత్తిన టోపీ, మెడలో బైనాక్యులర్, కాళ్లకు కొత్త బూట్లు. ఆర్భాటానికేం తక్కువ లేదు. రాయకోట గుట్ట కింద వ్యాను దిగింది మొదలు ఆయన కళ్లు నీడనే వెతుక్కున్నాయి.

చెప్పిన పాఠం మాత్రం మంచిదే. ఇనుప చట్రాన్ని కళ్లు మూసుకుని భుజం మీదుగా వెనక్కి విసరాలి. అది పడిన చోట ఉన్న గడ్డినే లెక్కలోకి తీసుకోవాలి. చోటు ఏరుకుంటే అది సర్వే కాదు. అంత చెప్పిన పెద్దమనిషే చింతచెట్టు నీడలో నిలబడి, చట్రాన్ని తన కాళ్ల దగ్గరే జారవిడిచాడు.

"రాసుకోండప్పా, ఈడ గడ్డి లేదు."

చింతచెట్టు కింద గడ్డి మొలవదని మేకపిల్లకు కూడా తెలుసు. ఈ మాత్రం దానికి బూట్లెందుకో అనుకుంది శశికళ.

నవ్వుకుని ఊరుకునే సంగతి కాదిది. గడ్డి పలచగా ఉందని తేలితే అటవీశాఖ వాళ్లు ఆ నేలకు కంచె వేసి నీలగిరి మొక్కలు నాటుతారు. ఆమె తల్లి నాగక్క గొర్రెలు మేసేది అక్కడే. ఆ గొర్రెల మీదే శశికళ చదువు. సాయంత్రం పెద్దాఫీసరు రానీ, ఈ నీడపురుగు బండారం ఆయన ముందే బయటపెడతానని కాచుకుంది.

ఇంతలో ఆమె వంతు వచ్చింది. వెనక తంగేడు పొదల అవతల నడుమెత్తు బోదగడ్డి. విసిరేముందు శశికళ భుజం మీదుగా ఒక్కసారి ఓరగా చూసింది. చట్రం పోయి సరిగ్గా ఆ గడ్డిలోనే పడింది.

పద్మనాభం అది చూశాడు. కోప్పడలేదు. దగ్గరికొచ్చి మెల్లగా నవ్వాడు.

"బాగా నేర్చుకున్నావమ్మా. నేను నీడ చూసి ఏసినాను, నువ్వు గడ్డి చూసి ఏసినావు. రెండూ ఉండనీ."

సాయంత్రం ఆఫీసరు జీపు దిగి అందరినీ పోగుచేశాడు.

"సర్వే సరిగ్గా చేసినారా? ఎవరికైనా చెప్పేదుంటే చెప్పండమ్మా."

పద్మనాభం తాపీగా శశికళ వైపు చూశాడు. ఎదుటి వాలులో నాగక్క గొర్రెలను మళ్లిస్తోంది. పొద్దున్నుంచి ఆయన మీద పెంచుకున్న అసహ్యమంతా తిరిగొచ్చి శశికళ మొహానే పడింది.

"సరిగ్గానే చేసినాం సార్," అంది.