నిలబడితే మాయమయ్యే కార్డు

వదిన కంప్యూటర్లో మైకు తగిలించే సౌండ్ కార్డుకు బుద్ధి పుడితే కనిపిస్తుంది, లేకపోతే లేదు. ఇంట్లో ఆన్ చేస్తే అలాంటి కార్డేదీ తనలో లేదని కంప్యూటర్ మొండికేస్తుంది. మరిది నడిపే రిపేరు షాపుకు మోసుకెళితే మాత్రం మొదటిసారికే గుర్తుపట్టేస్తుంది. మూడు వారాల్లో నాలుగుసార్లు ఇదే తంతు. వదినకు తల ప్రాణం తోకకొచ్చింది.

పెళ్లికి ముందు ఆమె కార్టూన్లకు గొంతు ఇచ్చేది. ఎనిమిదేళ్ల తర్వాత ఒక స్టూడియో వాళ్లు మళ్లీ కబురు పెట్టారు. ఉడత పాత్ర. ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా గొంతు నమూనా రికార్డు చేసి పంపాలి. ఇది కూడా తప్పితే ఇంకెవరు పిలుస్తారు?

సరిగ్గా మూడింటికి కార్డు మళ్లీ మాయం! మైకూ వైర్లూ సంచిలో కుక్కి, సీపీయూను చంకనెత్తుకుని షాపుకు పరుగెత్తింది.

"మీ ఇంట్లో కరెంటే తేడా వదినా. నా దగ్గర ఎప్పుడైనా మొరాయించిందా?" అన్నాడు మరిది.

"అంటే పుట్టింట్లో నవ్వుతుంది, అత్తింట్లో అలుగుతుందన్నమాట! ఏదీ, నా కళ్లముందు చెయ్యి."

అతను సీపీయూను బల్లమీద పక్కకు పడుకోబెట్టి, మూత తీసి ఆన్ చేశాడు. కార్డు కనిపించింది.

"ఆగాగు. ఎప్పుడూ ఇలాగే పడుకోబెడతావా?"

"మరి? నిలబెడితే చెయ్యెలా దూరుతుంది?"

"మా ఇంట్లో అది నిలబడే ఉంటుంది నాయనా!"

ఆపి, నిలబెట్టి, మైకు తగిలించి ఆన్ చేశారు. కార్డు లేదు! పడుకోబెడితే ఉంది. నిలబెడితే మళ్లీ లేదు. వదిన లోపలికి తొంగిచూసింది. కార్డును పెట్టెకు బిగించాల్సిన చోట ఖాళీ చిల్లు. మైకు వైరు బరువుకు కార్డు ఓరగా వాలిపోతోంది.

"దీని స్క్రూ ఏదీ?"

మరిది మొహం పాలిపోయింది. సొరుగులోంచి ఒక డబ్బా తీశాడు. "మూడు వారాల కిందట దుమ్ము దులిపాక ఒకటి మిగిలింది వదినా. మిగిలినవన్నీ ఇందులోనే వేస్తా."

డబ్బా నిండుగా ఉంది.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఇవన్నీ ఎవరెవరివి?" అని వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. అతనూ ఆగలేకపోయాడు. నవ్వుతూనే స్క్రూ బిగించారు, నిలబెట్టారు. కార్డు కదలకుండా కూర్చుంది.

కానీ అప్పటికి నాలుగున్నర. ఇంటికెళ్లే వ్యవధి లేదు, షాపులోనే రికార్డు చెయ్యాలి. ఉడత గంభీరంగా వీడ్కోలు చెప్పే మాటలు చదవాలి. ఆమె నోరు తెరిస్తే చాలు, నవ్వొస్తోంది. మరిది నోట్లో గుడ్డ కుక్కుకుని బల్ల కింద దాక్కున్నాడు. రికార్డింగు ఐదుసార్లు చెడిపోయింది. ఆరోదీ నవ్వుతోనే ముగిసింది. ఐదవడానికి రెండు నిమిషాలుండగా ఏదైతే అదయిందని దాన్నే పంపేసింది. అప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. చేజేతులా పాడుచేసుకున్నానని గుండె నీరైపోయింది.

అరగంటకు ఫోన్ మోగింది.

"మిగతావాళ్లంతా చక్కగా చదివారండీ," అంది స్టూడియో ఆవిడ. "మీ ఉడతే ఏడవలేక నవ్వింది. రేపు పదింటికి వచ్చేయండి."

వదిన ఫోన్ పెట్టేసి, నవ్వబోయి బావురుమంది.