అంచుల మీద నడక

శ్రీప్రియ కుంటడం మొదలుపెట్టాక సంధ్య ఇక ఊరుకోలేదు. "ఇయ్యాల దవాఖానకు తీస్కపో. బిడ్డ కాలు ఎందుకు నొస్తందో డాక్టరమ్మకు నువ్వే చెప్పు," అంది భర్తతో.

శ్యాంసుందర్ చెప్పులు వేసుకున్నాడు. ఎందుకు నొస్తుందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

వయసులో ఉన్నప్పుడు అతను మిలిటరీలో చేరాలని కరీంనగర్ వెళ్లాడు. పరుగులో అందరికంటే ముందు నిలిచాడు. చివర్లో పాదాలు చూసి, అరికాళ్లు చదునుగా ఉన్నాయని పక్కకు పొమ్మన్నారు. ఆ తర్వాతే సూరత్ వచ్చి, ఊరి శివారున ఉన్న సచిన్‌లో మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. షిఫ్టంతా నిలబడే పని. ఇంటికొచ్చేసరికి మడమలు మండిపోయేవి. ఆ మంటకు కారణం కూడా తన పాదాలేనని నమ్మాడు.

ఒకరోజు స్నానం చేసి వచ్చిన కూతురి తడి అడుగులు గచ్చు మీద కనిపించాయి. మధ్యలో ఖాళీ లేకుండా పాదం మొత్తం అచ్చు పడింది. అచ్చం తన అడుగే.

ఆ సాయంత్రం నుంచే డిండోలిలో వాళ్లుండే బిల్డింగు వరండాలో కూతురికి నడక నేర్పడం మొదలుపెట్టాడు. "లోపలి దిక్కు నేలకు తగలొద్దు. బయటి అంచు మీదనే నడువు," అనేవాడు. కింద పిల్లలు ఆడుకుంటుంటే, ఎనిమిదేళ్ల శ్రీప్రియ వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేది. నొస్తుందని ఏడిస్తే, "నొస్తందంటే అరికాలుకు గుంట వడుతున్నట్టే బిడ్డా," అని నచ్చజెప్పేవాడు. ఒకసారి మాట వినలేదని పిక్క మీద కొట్టాడు కూడా. ఆ రాత్రి పిల్ల అన్నం తినకుండానే పడుకుంది.

ఆసుపత్రిలో డాక్టర్ పేరు హిమశ్రీ. రాజమండ్రి వైపు అమ్మాయి. ఆమె తెలుగులో పలకరించేసరికి శ్యాంసుందర్‌కు మొదట ధైర్యం వచ్చింది, వెంటనే భయం వేసింది. హిందీలో అయితే సగం మాట మింగేయవచ్చు.

ఆమె శ్రీప్రియ పాదాల బయటి అంచున గట్టిపడిన చర్మాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత నేల మీద పరిచిన నల్లటి పలక చూపించి, "దీని మీద నడిస్తే నీ బరువు ఎక్కడెక్కడ పడుతుందో టీవీలో రంగులు కనిపిస్తాయి," అని చెప్పింది.

శ్రీప్రియ నడిచింది. బయటి అంచు పొడవునా ఎర్రరంగు, లోపల అంతా ఖాళీ.

"పాప రోజూ ఇలాగే నడుస్తుందాండీ?"

"రోజూ గిట్లనే నడుస్తది మేడం," అన్నాడు శ్యాంసుందర్. అనగానే అతని చెవులు వేడెక్కాయి.

తర్వాత నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. కదలకుండా నిలబడాలని చెప్పినందుకో, అక్కడ తండ్రి లేనందుకో, శ్రీప్రియ పాదాలు రెండూ నేల మీద మామూలుగా ఆనించింది. డాక్టర్ ఆ ఫోటోనూ రంగుల బొమ్మనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"రెండూ ఒకే పిల్ల పాదాల్లా లేవు. ఎక్స్‌రేలో పాదం చదునుగా ఉంది. నడకలో మాత్రం లోపలి వైపు నేలకు తగలడమే లేదు. ఎవరూ చూడనప్పుడు ఎలా నడుస్తావమ్మా?"

శ్రీప్రియ తండ్రి వైపు చూసింది. "చెప్తే బాపు కోపం చేస్తడు," అంది నెమ్మదిగా.

"నేనే నేర్పిన మేడం. గుంట వడుతదని. జర కొట్టిన గూడ," అన్నాడు శ్యాంసుందర్ తల ఎత్తకుండా.

డాక్టర్ తిట్టలేదు. పిల్లను మునివేళ్ల మీద లేవమంది. లేవగానే రెండు అరికాళ్ల కిందా చక్కని వంపు వచ్చింది. మడమలు దించగానే పోయింది.

"చూశారా? పాదం బిగుసుకుపోలేదు, మెత్తగా ఉంది. ఇలాంటి పాదాలకు పెరిగేకొద్దీ చాలావరకు గుంట వస్తుంది. రాకపోయినా, నొప్పి లేకపోతే ఏమీ చేయక్కర్లేదు."

"మరి ఈ నొప్పి?"

"బరువంతా అంచు మీద వేసి నడిచినందుకు. ఎముకకేం కాలేదు. ఆ నడక మానేస్తే తగ్గిపోతుంది."

"నా కాళ్లే వచ్చినయి దానికి."

"వచ్చి ఉండొచ్చు. అది మీ తప్పు కాదు," అందామె. ఆ నడక నేర్పి కొట్టిన సంగతి గురించి మాత్రం ఏమీ అనలేదు.

మామూలు నడక కొలవాలని మళ్లీ నడవమంటే శ్రీప్రియకు చేతకాలేదు. ప్రతి అడుగుకూ పాదం దానంతటదే వంకర తిరుగుతోంది. చివరికి డాక్టర్, "మీరు అటు చివర కూర్చుని పిలవండి," అంది.

శ్యాంసుందర్ గొంతుకూర్చుని చేతులు చాచాడు. "కాళ్ల దిక్కు చూడకు బిడ్డా. నా దిక్కు చూడు. నీకెట్లొస్తె అట్ల రా."

శ్రీప్రియ కొంచెం అనుమానంగా చూసి, నడిచి వచ్చింది. ఈసారి పాదం మొత్తం నిండుగా రంగులు పడ్డాయి. కూతురిని దగ్గరికి తీసుకున్నాడు గానీ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

ఆటోలో శ్రీప్రియ అడిగింది, "బాపూ, రేపటి సంది ప్రాక్టీస్ లేదా?"

"లేదు బిడ్డా. నాది తప్పయింది."

"పక్కా?"

"పక్కా."

కొన్ని వారాలకు నొప్పి తగ్గింది. కుంటడం పోయింది. కానీ తండ్రి కనిపించగానే శ్రీప్రియ పాదాలు ఇంకా అంచుల మీదికి తిరిగేవి. ఆమెకు తెలియకుండానే తిరిగేవి. సంధ్య అది చూసి ఏమీ అనేది కాదు. అంటే బాగుండునని అతనికి అనిపించేది.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి బిల్డింగు ముందు పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. శ్రీప్రియ వట్టి కాళ్లతో గెంతుతూ, పాదాలు రెండూ నేలకేసి ధన్‌మని దిగుతూ పెద్దగా నవ్వుతోంది. శ్యాంసుందర్ గేటు బయటే ఆగాడు. కాళ్లు పీకుతున్నా, ఆమె కంటపడకుండా పాన్ డబ్బా చాటున నిలబడ్డాడు, ఆట అయిపోయేదాకా.