అరగదీసిన మాత్ర

పొద్దున్నే వేసుకోవాల్సిన మాత్ర మీద అక్షరాలు లేవు.

టీచరమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసింది. గుండ్రంగానే ఉంది, గులాబీ రంగే. అనుమానం తీరక, సొరుగులోని కొత్త అట్టలోంచి ఒకటి చించి పక్కన పెట్టింది. అట్టలోని మాత్ర మీద అక్షరాలు లోతుగా నొక్కి ఉన్నాయి. వారం మాత్రల డబ్బాలోంచి తీసినది నున్నగా, పల్చగా ఉంది. మిగతా రోజుల గళ్లు కూడా గబగబా తెరిచింది. అన్నీ అంతే.

ఎడమ పిక్క నాలుగు రోజులుగా బరువెక్కుతోంది. ఆర్నెల్ల కిందట కూడా ఇలాగే మొదలైంది. కాల్లో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి పాకితే, డెబ్బై రెండేళ్ల మనిషి బతికి బట్టకట్టడమే గొప్ప అన్నారు. బతికింది గానీ, అదేం బతుకు! నాలుగు మెట్లెక్కితే ఊపిరి లెక్కపెట్టుకోవాలి. కాసేపు కూర్చుంటే భయం, తిమ్మిరెక్కితే భయం. ముప్పై ఏళ్లు పిల్లల్ని గడగడలాడించిన మనిషి, ఇప్పుడు దగ్గొస్తే చాలు వణికిపోతోంది. ఇన్ని భయాల మధ్య ఆమె నమ్ముకున్నవి రెండే: గడ్డ కట్టనివ్వని ఆ మాత్ర, దాన్ని వారం వారం డబ్బాలో సర్దిపెట్టే మొగుడు.

షాపువాడు నకిలీ సరుకు అంటగట్టాడా? లేదు, అట్టలోవి మంచివే. అట్టకీ డబ్బాకీ మధ్య ఉన్న చెయ్యి ఒక్కటే.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. ఆమె అట్టలోని మాత్ర మింగి, కాలీడ్చుకుంటూ ముందుగదిలోకి నడిచింది. గడియారాల రిపేరు మానేసి పదేళ్లయినా ఆయన బల్ల అక్కడే ఉంది. పట్టకార్లు, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు, కంటికి పెట్టుకునే అద్దం, అన్నీ వరసగా ఉన్నాయి. ఇనుము అరగదీసే సన్నటి ఆకురాయిని మాత్రం మెత్తటి గుడ్డలో చుట్టిపెట్టాడు. విప్పింది. దాని పళ్ల మధ్య గులాబీ రంగు పొడి.

నలభై ఎనిమిదేళ్ల కాపురం. తనకి చాకిరీ చేసి చేసి ఆయనకి విసుగెత్తిందా? ఛీ, ఏం ఆలోచన! కానీ వచ్చిన ఆలోచన పొమ్మంటే పోవడం లేదు.

"ఏంటి టీచరమ్మా, తనిఖీయా?" ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. "హోంవర్కు చెయ్యలేదు. గోడకుర్చీ మాత్రం వేయించకు తల్లీ, మోకాళ్లు లేవు."

ఆమె నున్నటి మాత్రని గుప్పిట్లో బిగించింది.

"పిక్క వాచిందండీ. ఆస్పత్రికి పదండి."

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలోని తువ్వాలు కిందపడినా చూసుకోలేదు.

దారి పొడుగునా ఆయన ఆమె మోచెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి తగిలినప్పుడల్లా ఆమెకి ఒళ్లు జలదరించింది.

స్కాను చూసి డాక్టరమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. "మళ్లీ గడ్డ కట్టిందమ్మా. ఇంకా పైకి పాకలేదు, సమయానికి వచ్చారు. ఇవాళే చేర్చుకుంటాం. మాత్రలు మానేశారా?"

"ఒక్కరోజూ మానలేదు." టీచరమ్మ గుప్పిట విప్పి మాత్రని బల్ల మీద పెట్టింది. "రోజూ ఇవే మింగాను."

ఆమె చూపు డాక్టరమ్మ మీద లేదు. ఆయన గోడకి ఆనుకున్నాడు.

"నేనే డాక్టరమ్మా. నెల కిందట ఈవిడకి ముక్కులోంచి రక్తం కారింది. ముప్పావుగంట ఆగలేదు. రెండు దుప్పట్లు తడిసిపోయాయి. ఇక్కడికి తీసుకొస్తే, రక్తం పల్చబడే మందు కదా, అప్పుడప్పుడూ ఇలా అవుతుందన్నారు. నేను ఇంటికెళ్లి ఆ దుప్పట్లు ఉతికాను. ఎంత ఉతికినా మరక పోలేదు. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. నూనె చుక్క ఎక్కువైనా గడియారం ఆగిపోతుంది, సూదిమొనతో కాస్త తీసేస్తే నడుస్తుంది. ఇదీ అంతే అనుకున్నాను. మిమ్మల్నడిగితే వద్దంటారు, ఈవిడనడిగితే తిడుతుంది. ముందు రవ్వంతే గీకాను. రక్తం రాలేదు. పనిచేస్తోందనుకుని ఇంకాస్త, ఇంకాస్త... ఇప్పుడు సగమే ఉంటుంది. కనిపెట్టకూడదని గుండ్రం చెడకుండా గీకాను. ఒసేయ్, నువ్వు పోతావేమోనన్న భయంతో చేశానే. డబ్బాలో ఇంకా అవే ఉన్నాయి, పారేయించు. ఆ డబ్బా ఇక నా చేతికివ్వకు."