పన్నెండు వారాల కరెంటు

"కరెంటు పెట్టేది పిచ్చోళ్లకే," అని బుచ్చయ్య మూడోసారి అన్నాడు.

"నెత్తికి కాదు, కాలికి పెడతరు," అని భార్య సుక్కమ్మ కూడా మూడోసారే చెప్పి, సద్దిమూటల ముడులు బిగించింది.

"కాలికి పెడితే ఉచ్చ ఆగుతదా? ఎవలన్న ఇంటే నవ్వుతరు." కొడుకు కొండల్ దువ్వెనను అద్దం వెనక దోపాడు. "తొమ్మిది వారాలాయె. సాలదా?"

"పన్నెండన్నది డాక్టరమ్మ."

కోడలు నీలా పొయ్యి దగ్గరి నుంచే అందుకుంది. "పక్కింటి రాములమ్మ దవాఖాన కిటికీల నుంచి తీగలు సూసిందట. నీళ్లకు పోతే నల్లా కాడ అందరు నన్నే అడుగుతుండ్రు అత్తా, మీ అత్తకు పిచ్చి ఎన్నడు లేసిందని."

సుక్కమ్మ తన సద్దిమూట పట్టుకుని పనికి బయలుదేరింది.

కొండల్ పుట్టినప్పుడు ఆమె రెండు రోజులు నొప్పులు పడింది. అప్పటి నుంచి, ఇరవై నాలుగేళ్లుగా, మూత్రం ఆగదు. ఉన్నట్టుండి తన్నుకొచ్చేది, చాటుకు పోయేలోపే చీర తడిసేది. బస్సెక్కడం మానేసింది. సూర్యాపేటలో సొంత తమ్ముడి పెళ్లికి కూడా జ్వరమని కబురు పంపి ఇంట్లోనే ఉండిపోయింది. మిర్యాలగూడ మిల్లులో వడ్లు ఎండేసే గచ్చును మాత్రం వదల్లేదు. ఉడకబెట్టిన వడ్లు పొగలు కక్కుతూ గచ్చు మీద పడతాయి. ఆడవాళ్లు వరసగా పాదాలతో వాటిని చాళ్లు తీస్తూ నడుస్తారు. మోకాళ్ల దాకా అందరి చీరలూ తడే. ఎవరి తడి ఎలాంటిదో ఎవరికీ తెలియదు. అరికాళ్లు కాలిపోయి తోలు నల్లగా గట్టిపడినా ఆమె ఆ వరసలోంచి కదలకపోవడానికి అదొక్కటే కారణం.

పోయిన వానాకాలం మిల్లులో ఆరబెట్టే మిషిన్ దిగింది. వచ్చే నెలతో గచ్చు పని ఖతం. ఇక మిగిలింది షెడ్డులో బియ్యంలోని నల్లగింజలు ఏరే పని. అక్కడ పొద్దంతా పొడి నేల మీద కూర్చోవాలి. అందుకే ఆమె దవాఖాన మెట్లెక్కింది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ ఆమె చీలమండ పైన సన్నని సూది గుచ్చి, పాదానికి బిళ్ల అంటించి, చిన్న పెట్టె మీది మర తిప్పింది. బొటనవేలు దానంతటదే ఎగిరింది. అరగంట సేపు కాలిలో చీమలు పారాయి. కాలి నరమూ మూత్రసంచి నరమూ నడుము కింద ఒకచోట కలుస్తాయనీ, ఇక్కడ కదిలిస్తే అక్కడ నెమ్మదిస్తుందనీ మొదటి రోజే చెప్పిందామె.

"ఈ వారం ఎట్లున్నది?"

"నాలుగు దినాలైతాంది, సీర మార్సలే," అంది సుక్కమ్మ. ఆ మాట చెప్పడానికి ఇల్లంతా వెతికినా ఆమెకు మనిషి దొరకలేదు.

తిరిగి మిల్లుకు పోతే, కూలీల లెక్కలు చూసే మున్షీ గేటు దగ్గరే ఆపాడు.

"షెడ్డుల బెల్టులు తిరుగుతుంటయి సుక్కమ్మా. నీకేమన్నయితే సేటు నన్నడుగుతడు, ఆ పని నీకియ్యలేను. మీ అమ్మకు తలకాయ బాగలేదంట గదా అని కొండల్‌ను అడిగిన. కాదనలే."

అవతల లారీకి బస్తాలెత్తుతున్న కొండల్ ఇటు తిరగలేదు.

పొద్దుగూకాక నలుగురూ అన్నాలకు కూర్చున్నారు.

"మున్షీకి నిజం ఎందుకు సెప్పకపోతివి బిడ్డా?"

"ఏమని సెప్పాలె? మా అమ్మకు ఉచ్చ ఆగదనా?" కొండల్ తల ఎత్తలేదు. "పిచ్చి అంటే జాలి పడతరు. గది సెప్తే నేను ఆ గేట్లకెంచి లోపటికెట్ల పోవాలె?"

బుచ్చయ్య చారు పోసుకున్నాడు. బయట ఎవరైనా వింటున్నారేమోనని నీలా తలుపు వైపే చూస్తూ ఉంది.

సుక్కమ్మ గరిటెను గిన్నెలో పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది.

"మిగిలిన రెండు వారాలు పోత. రేపు పొద్దుగాల గచ్చు మీద అందరు నిలబడ్డంక మున్షీకి నేనే సెప్త. నాకు పిచ్చి లేదు, ఉచ్చ ఆగకపోయేది, ఇన్నేండ్లు మీ నడుమనే గట్ల నడిసిన అని."

కొండల్ చెయ్యి కడుక్కోకుండానే లేచి బయటికి పోయాడు. అతని కంచంలో, అయిదు వేళ్ల గుర్తులతో, నోటిదాకా పోని ముద్ద మిగిలింది.