టైలరు చుక్క

గుండె ఆపరేషనయ్యాక నాకూ, పక్క మంచం టైలరుకూ నర్సమ్మ చేతులకు నడక లెక్కపెట్టే పట్టీలు కట్టింది. ఇద్దరి ఫోన్లనూ జత చేసింది. ఒకరు నడిస్తే రెండోవారి ఫోన్‌లో గంట మోగుతుంది, పటం మీద చుక్క కదులుతుంది. ఒకరిని చూసి ఒకరు నడుస్తారని ఆమె ఆలోచన.

నాది తాపీ పని. మాటలు తక్కువ. టైలరు నోరు మూయడు. ఇళ్లకు వెళ్లాక రోజూ పొద్దున్నే గంట, వెనకాలే ఫోన్‌లో అతని గొంతు.

"ఏం మేస్త్రీ, నీకు నువ్వే సిమెంటు పూసుకుని కూర్చున్నావా ఏంటి? లే బావా, లే!"

నేను బదులు చెప్పేవాణ్ణి కాదు. చెప్పులేసుకుని బయల్దేరేవాణ్ణి. అదే నా జవాబని అతనికి తెలుసు.

ఆ మధ్య గొంతు ఆగిపోయింది. గంట మాత్రం మోగుతోంది. చుక్క పార్కు వైపు పోవడం మానేసి పిండిమర దగ్గర ఆగుతోంది, కూరగాయల బజారులో తిరుగుతోంది.

"మీ టైలరుకి పెళ్లాం పనులన్నీ అప్పజెప్పినట్టుందే," అని మా ఆవిడ నవ్వింది. "ఆ సిగ్గుకే నోరు పెగలట్లేదేమో!"

నాకూ నవ్వొచ్చింది. ఏడిపిద్దామని ఒకరోజు బస్సెక్కి, చుక్క ఎక్కడుంటే అక్కడికి వెళ్లాను.

బజారు మలుపులో చుక్క నా ఎదురుగానే ఉంది. టైలరు లేడు. సంచీ పట్టుకుని అతని భార్య ఉంది. ఆసుపత్రిలో చూసిన మనిషే, సగమైపోయింది. చేతికి అతని పట్టీ. కొత్తగా చిల్లు పొడిచి బిగించుకుంది.

నన్ను చూసి సంచీ కింద పెట్టేసింది.

"నిద్రలోనే పోయారన్నయ్యా. మీకు చెబుదామనే ఫోన్ తీశాను. 'నేను లేవకపోతే మేస్త్రీ లేవడే' అని రోజూ అనేవారు. భయమేసి ఇది కట్టుకున్నాను."

నేను ఆమె చేతి వైపే చూస్తున్నాను.

"మీకోసమనే మొదలుపెట్టాను. ఇప్పుడు నాకే... ఆయన పేరు మీద చుక్క నడుస్తుంటే, ఇల్లు చేరేదాకా ఆయన బయటికెళ్లినట్టే ఉంటుంది. తప్పా అన్నయ్యా? తీసెయ్యమంటారా?"

"ఉంచుకో అమ్మా" అన్నాను.

మర్నాడు గంట మోగింది. కాళ్లు లేవలేదు. టైలరు లేడు. ఎవరికోసం నడవాలి? మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ చెప్పులు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి లోపలికి పోయింది.

ఫోన్‌లో చుక్క వాళ్ల వీధి మొదట్లోనే ఆగి ఉంది. ఎంతసేపటికీ కదలలేదు. నా చుక్క కదులుతుందేమోనని టైలరు భార్య అక్కడే నిలబడి చూస్తోంది.

లేచాను. ఎదురొచ్చినవాళ్లు ఏమైందని అడిగారు. ముఖం తుడుచుకోకుండానే నడిచాను.