కుండీ అడుగున

నేత్ర సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టింది గానీ జిప్పు వేయలేదు. ఒళ్ళు మండిపోతోంది. హాల్లో ఆమె తండ్రి ఆంజనేయప్ప సోఫా అంచున కూర్చుని ఉన్నాడు, పొద్దున్నే బాగేపల్లిలో బస్సెక్కి చిక్కబళ్ళాపురలో దిగి. కూతుర్ని తీసుకుపొమ్మని ఆయన్ను పిలిపించింది అత్త సుజాతమ్మ. ఎందుకయ్యా అంటే, ఇంట్లో చెట్టు ఎండిపోతోందట!

చెట్టంటే పొలంలో చెట్టేమీ కాదు, కుండీలో పెంచుకునే మనీ ట్రీ. తీగలా పాకే మనీప్లాంటూ కాదు, మూడు సన్నటి కాండాలను జడలా అల్లి అమ్ముతారే, అది. కాపురానికి వచ్చిన కొత్తలో నేత్ర నంది కొండ దారిలోని నర్సరీలో ముచ్చటపడి కొనుక్కుంది. ఎండ నేరుగా తగలకుండా కిటికీ పక్కన పెట్టింది. మట్టిలో వేలు పెట్టి చూసి, ఆరితేనే నీళ్ళు పోసేది. చెట్టు నవనవలాడుతూ పెరిగింది. అదే రోజుల్లో భర్త అంబరీష్ టైల్స్ అంగడిలో బేరాలూ ఊపందుకున్నాయి. ఇంకేముంది, సుజాతమ్మ కన్ను దానిమీద పడింది.

"లక్ష్మి ఉండే చెట్టును కిటికీలో పెడతారామ్మా?" అని దేవుడి గది మూలకు చేర్పించింది.

"ఆడ వెలుతురు లేదత్తా, చచ్చిపోతాది" అంది నేత్ర.

"దేవుడి దగ్గర ఉండేది ఏమిటికి చస్తాది?" అందావిడ.

ఇక మొదలైంది నీళ్ళ జాతర. నీళ్ళు పోసిన చేతికి కలిసొస్తుందని పూజ కాగానే సుజాతమ్మ తీర్థం పోసేది, బియ్యం కడుగు పోసేది, శుక్రవారం పాలు పోసేది. అంబరీష్ అంగడికి పోతూ ఒక చెంబు కుమ్మరించి, ఆకులు కళ్ళకద్దుకుని పోయేవాడు. వద్దు మొర్రో అని నేత్ర మొత్తుకుంటే వినే నాథుడేడీ?

ఆకులు పసుపుపచ్చగా మారి రాలసాగాయి. సరిగ్గా అప్పుడే అంబరీష్ అంగడికి ఎదురుగా ఇంకో పెద్ద టైల్స్ అంగడి వెలిసింది, బేరాలు పడిపోయాయి. సుజాతమ్మకు ఎదురంగడి కనపడలేదు. రాలిన ఆకులు కనపడ్డాయి, చెట్టు తెచ్చిన కోడలు కనపడింది. 'ఆ పిల్ల చెయ్యి మంచిది కాదు' అని వీధిలో అంది, సాదలిలోని చుట్టాలకు చెప్పింది, చివరికి బాగేపల్లికే ఫోన్ చేసింది. ఆ మాట విన్న రాత్రి నేత్ర అన్నం తినలేదు. అంబరీష్ మాత్రం తల వంచుకుని కడుపునిండా తిన్నాడు.

"తప్పుగా అనుకోవద్దన్నా" అంటోంది సుజాతమ్మ హాల్లో. "కొన్నాళ్ళు మీ దగ్గర ఉండనీ. చెట్టు చిగురేస్తే నేనే వచ్చి పిల్చుకొస్తా."

ఆంజనేయప్ప అల్లుడి వైపు చూశాడు. "నువ్వేమంటావప్పా?"

"అమ్మ చెప్పినట్టే కానీ మామా. కొన్నాళ్ళే కదా" అన్నాడు అంబరీష్, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

అంతే. నేత్ర విసవిసా దేవుడి గదిలోకి పోయి, కుండీని ఈడ్చుకొచ్చి హాలు మధ్యలో పెట్టింది.

"దాన్ని ముట్టొద్దు!" అని సుజాతమ్మ అరిచేలోపు దాన్ని పక్కకు పడదోసింది. బురద బొళుక్కున పరుచుకుంది. మోరీ కంపు గుప్పుమంది. వేర్లు నల్లగా కుళ్ళి చేతికే ఊడొచ్చాయి. రెండు కాండాలు నొక్కితే మెత్తగా చితికిపోయాయి. మూడోది మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

"ఎన్ని నీళ్ళు పోసినా కిందికి కారిపోవల్ల కదా, ఎట్లా నిలిచినాయి?" అంటూ ఖాళీ కుండీని బోర్లించింది. కొన్నప్పుడు అడుగున బొటనవేలు దూరేంత రంధ్రం ఉండేది. ఇప్పుడు దాన్నిండా తెల్ల సిమెంటు. టైల్స్ సందుల్లో నింపినట్టు నున్నగా, పనితనంతో పూడ్చి ఉంది.

సుజాతమ్మ వంగి చూసింది. తర్వాత కొడుకును చూసింది. "ఏమిరా ఇది?"

"అంగడికొచ్చిన వాస్తు ఆయన చెప్పినాడమ్మా" అని నసిగాడు అంబరీష్. "నీళ్ళు కారితే లక్ష్మి కూడా కారిపోతాదని. మంచికే చేసినా."

"ఎప్పుడు?" అంది సుజాతమ్మ.

"ఉగాదికి ముందర."

ఆకులు రాలడం మొదలైంది ఉగాది తర్వాతే. పెళ్ళైనప్పటి నుంచి 'మీరు' తప్ప అనని నేత్ర నోట ఇప్పుడు వేరే మాట వచ్చింది.

"ఆకు రాలినప్పుడల్లా మీ అమ్మ నా చేతిని ఆడిపోసుకుంటాంటే, నువ్వు పక్కన కూర్చోని ముద్దలు మింగినావు. మా అప్పను ఈడికి పిలిపించేదాకా పలకలేదు. నీ నోట్లో కూడా సిమెంటే పోసుకున్నావా?"

"దానివల్లేనని నాకేం తెలుసు?"

"అది తెలీదు. నావల్లేనని మాత్రం తెలిసిందా? సిగ్గులేదూ?"

ఆంజనేయప్ప లేచి నిలబడ్డాడు. "పా తల్లీ, పోదాం. ఇంగ ఒక్క నిమిషం కూడా ఈడ ఉండొద్దు."

"నేను రానప్పా. రంధ్రం పూడ్చింది నేను కాదు, వీధంతా మాట మోసింది నేను కాదు. నేనేమిటికి పోవల్ల?" నేత్ర అత్త వైపు తిరిగింది. "సంచి సర్ది ఉండాదత్తా. ఎవురు పోవల్లో వాళ్ళకియ్యండి."

సుజాతమ్మ సంచి తీసుకుపోయి కోడలి గదిలో పెట్టింది. బయటికి వచ్చి కొడుకుతో, "సాదలికి నువ్వే ఫోన్ చెయ్యి. నాకు నోరు రాదు" అంది.

అంబరీష్ ఫోన్లో సాదలి మేనమామ దగ్గర నీళ్ళు నమిలాడు. "అవును మామా, నేనే పూడ్చినా. నేత్ర తప్పేం లేదు." ఆ మాట చెవిన పడుతున్నా నేత్ర తల ఎత్తలేదు. కుళ్ళిన వేర్లు కోసేసింది. పగిలిన బక్కెట్టు అడుగున ఇంకో రెండు బొక్కలు పొడిచి, ఇసుక కలిపిన మట్టి నింపి, మిగిలిన ఒక్క కాండాన్ని నాటి కిటికీ పక్కన పెట్టింది.

అంబరీష్ ఫోన్ పెట్టేసి, చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"మట్టి ఆరేదాకా దానికి చుక్క కూడా వద్దు" అంది నేత్ర. "చెంబు ఆడ పెట్టు. వీధిలోవాళ్ళు ఇంగా మిగిలినారు. పోయి ఇంటింటికీ చెప్పిరా."