మడి కట్టుకున్న తెగులు

అది 1926. నర్సీపట్నం నుంచి వ్యవసాయాధికారి యాజులుగారు కొయ్యూరు కొండెక్కి, కాటుక తెగులు పట్టిన జొన్న కంకి ఒకటి విరిచారు. చేతినిండా నల్లటి పొడి. వెంటనే పక్కనున్న సామచేను తగలబెట్టమని, ఆ చేలు వేసిన కొండరైతు సోమలమ్మతో అన్నారు.

"జొన్నా సామా ఒకే గడ్డి వంశం. దీని తెగులు దానికి సోకి తీరుతుంది. పుస్తకంలో ఉంది!"

పుస్తకంలో ఉన్నదాన్ని చేను కాదంటే తప్పు చేనుదే కదా.

"సోకదు బాబూ. మా అమ్మ కాలం నుంచీ రెండూ పక్కపక్కనే ఏత్తన్నాం. జొన్న తెగులు జొన్నకే," అంది సోమలమ్మ. "ఎండన పడొచ్చేరు, నీళ్ళు తాగండి."

యాజులుగారు రెండడుగులు వెనక్కి వేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న మరచెంబు తీశారు. "మీ చేతి నీళ్ళు మేం ముట్టం."

"మరదే బాబూ! మీరూ మనిసే, నేనూ మనిసినే. అయినా ముట్టరు కదా. ఆ తెగులుకీ మీలాగే మడి."

ఆయన చేను జోలి మానేసి, ఆమె పాక ముందున్న తేనెకుండ చంకన పెట్టుకుని కొండ దిగసాగారు. తేనెకి మైల లేదట.

వెనక నుంచి సోమలమ్మ గట్టిగా అంది: "తెగులే నయం బాబూ. అది ముట్టని సేన్లోంచి ఏటీ అట్టుకుపోదు."